ఆషాఢపు గోరింట, అట్లతద్ది గోళ్లు

అరచేతికి పెట్టిన గోరింట పది పదునైదు దినములలో వెలిసిపోవును. గోటికి పెట్టినది వెలియదు, గోరుతోనే పెరిగి, గోరుతోనే కత్తిరింపునకు లోనై పోవును. ఈ విషయమును మన పూర్వపు గృహిణులు ఎంత బాగుగా ఎఱిగియుండిరో పంచాంగము ముందు పెట్టుకొని చూచినచో తెలియగలదు. ఆషాఢమున ఒకమారు, భాద్రపద బహుళ తదియనాటి ఉండ్రాళ్లతద్దికి ఒకమారు, ఆశ్వయుజ బహుళ తదియనాటి అట్లతద్దికి ఒకమారు గోరింటాకు పెట్టుకొనుట గోదావరి సీమలో ఆడపిల్లలున్న యిండ్ల ఆచారము. మనుష్యుని చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగును. మొదలు నుండి కొన వఱకు క్రొత్తగోరు వచ్చుటకు దాదాపు 6 నెలలు పట్టును. కావున ఆషాఢ మధ్యమున పండిన గోరు, నడుమ ఉండ్రాళ్లతద్దికి పెట్టనిచో, మూడు మాసములు గడచి అట్లతద్ది వచ్చునప్పటికి, 9, 10 మిల్లీమీటర్ల మేర పైకి జరిగి, ఎఱుపు కొనయందు మాత్రమే మిగిలి, మొదలంతయు తెల్లబడి యుండును. సరిగా ఆ సమయమునకే ఇంట మఱల గోరింట నూఱుటకై రోలు కడుగుదురు. ఇది కాకతాళీయమని యనువారుండవచ్చును, నాకట్లు తోచదు. గోటి పెరుగుదలను కనిపెట్టి చూచినవారు కూర్చిన క్రమముగనే ఇది నాకు కనిపించుచున్నది.

ఈ గోదావరి సీమలోని ద్వారకా తిరుమల కొండ దిగి పరికించినచో చుట్టును ఎఱ్ఱనేల. నిమ్మ, మామిడి, జీడిమామిడి, పామాయిలు తోటలు పెరుగు ఈ మెట్టసీమలో గోరింట పెద్దగా పోషణ కోరని పొద. ఎండకు ఓర్చును, దొడ్డి చుట్టు కంచెగా నాటి ఎన్నిమార్లు కొట్టినను విసుగులేక చిగుర్చును. దక్షిణముగా భీమడోలు దాటి కొల్లేటి వైపు సాగినకొలది నేల నల్లబడును, నీరు నిలుచును. ఆ నీటికి గోరింట వేరు తాళదు గావున అచ్చట గట్టుమీదనో, అరుగు ప్రక్క మెఱక చేసినచోటనో దానిని పెంచవలసియుండును. ఏలూరు, తాడేపల్లిగూడెము పట్టణములలో దొడ్లు పోయి మేడలు లేచిన పిదప ఆకును అంగడిలో కొనుట వాడుకలోనికి వచ్చినది. ఆషాఢము వచ్చినదనగా కూరగాయల బజారులో తోటకూర, గోంగూరల సరసనే గోరింటాకు కుప్పలు కూడ కనబడును.

ఆషాఢమే ఎందులకనగా, తొలకరి చినుకులకు పొద క్రొత్తచిగురు వేయునది అప్పుడే. కాలువలకు నీరు వదలి, నారుమడులు సిద్ధమై, స్త్రీలు దినమంతయు మోకాలిలోతు బురదలో నాట్లు వేయునదియు అప్పుడే. క్రొత్తకోడలు అత్తవారింటినుండి పుట్టింటికి వచ్చి నెల దినములు తల్లికడ నుండునదియు అప్పుడే. నీటిలో నాని మెత్తబడిన వ్రేళ్లకు గోరుచుట్టు వచ్చుట పల్లెలలో అందఱెఱిగిన బాధ. గోరింటలోని వర్ణద్రవ్యము కొన్ని శిలీంధ్రముల పెరుగుదలను అరికట్టునని ప్రయోగశాలలలో తేలినది. అంతమాత్రమున గోరుచుట్టుకు ఇదియే చికిత్స యని చెప్పరాదు గాని, బురదలోనికి దిగు ఋతువున ఈ ఆకు వాడవలెనను నియమము అవివేకము కాదని మాత్రము నిస్సంశయముగ చెప్పవచ్చును.

ఇక విధానము. ఆకును కొమ్మనుండి దూసి, పుల్లలు ఏరి, కడిగి, తడి ఆరువఱకు నీడను పఱచవలెను. రుబ్బురోటిలో గుప్పెడు గుప్పెడుగా వేసి, గోలికాయంత చింతపండును, రెండు వక్కపలుకులును, ఉన్నచో కొంచెము కాచును చేర్చి, నీరు చల్లుచు రుబ్బవలెను. నీరు పోసి రుబ్బరాదు. నిమ్మతోటల సీమ గావున చింతపండునకు బదులు నిమ్మరసము పిండువారును గలరు. ముద్దను రెండు వ్రేళ్లనడుమ నలిపి చూచినప్పుడు ఈనె తగులకుండ కాటుకవలె జారిననాడే అది సిద్ధమైనట్లు. రుబ్బినామె కుడిచేయి అప్పటికే పండియుండును. ఆ యింట ముందుగా గోరింట పండునది పని చేసినవారికే.

పులుపు వేయుట రుచికొఱకు కాదు, అందులో శాస్త్రమున్నది. ఆకులో రంగు బయటపడి యుండదు. చక్కెరతో బంధింపబడిన రూపమున దాగియుండును. నూఱినప్పుడు ఆకు కణములు చిట్లి, లోని రసములును పులుపును కలిసి ఆ బంధమును విడదీయగా, గాలి సోకి లాసోన్ అను వర్ణద్రవ్యము ఏర్పడును. లిన్నేయసు 1753లో ఈ మొక్కకు లాసోనియా అని పేరిడెను. ఆ పేరునుండియే ఈ ద్రవ్యమునకు పేరు వచ్చినది. ఎండిన ఆకు బరువులో నూటికి ఒక వంతు మాత్రమే యుండు ఈ ద్రవ్యము, గోటిలోని కెరటిన్ అను మాంసకృత్తుతో రసాయనికముగ కలిసిపోవును. చర్మమునందును కెరటిన్ గలదు గాని, పైపొర దినదినము రాలిపోవుచుండును గనుక రంగు దానితోనే పోవును; గోరు అట్లు రాలదు. పెండ్లికూతురి పాదములకు పెట్టు పారాణి పసుపు సున్నముల కలయికచే ఎఱుపెక్కునది, శోభయందు దానికి సాటి లేదు, కాని రెండుమూడు కడుగులకే అది కరగిపోవును. నిలుకడ గోరింటది.

గోళ్లకు పెట్టుటలో నేర్పు వేఱు. ముందు గోళ్లు కత్తిరించుకొని, జిడ్డు లేకుండ సబ్బుతో కడిగి తుడిచికొనవలెను. నూనె యున్నచోట రంగు పట్టదు. ఈ సూత్రమునే మఱొక విధముగ వాడుకొనవచ్చును: గోరు మాత్రమే పండి చుట్టునున్న చర్మము పండకూడదని కోరువారు, చర్మమునకు వ్రేలికొనతో కొబ్బరినూనె రాచి, గోటిని మాత్రము పొడిగా ఉంచుకొన్నచో చాలును. మన సంప్రదాయపు సొగసు మాత్రము వ్రేలికి టోపి పెట్టుటలోనే యున్నది. ఉసిరికాయంత ముద్ద తీసి, గోటి మొదట మొదలిడి, కొన దాటించి, మొదటి కణుపు వఱకు అంతట ఒకే మందముగా అదిమి, అంచును తడివ్రేలితో గుండ్రముగా దిద్దవలెను. ముద్ద పలుచనైనచో త్వరగా ఎండి బీటలువారి రాలును. ఎండిన ముద్ద రంగు నీయదు. "చెయ్యి కదపకే అమ్మడూ, ఆకు జారిపోద్ది" అని అమ్మమ్మ గదమాయించుట ఇందులకే. అన్నము ఎవరో కలిపి పెట్టవలసినదే. ఆ రాత్రి ఆడపిల్లకు చేతిపని లేదు. తరువాత తమలపాకునో, ఆముదపాకునో చుట్టి దారముతో కట్టుదురు. లోపలి తడియు, ఒంటి వేడిమియు నిలిచి రంగు లోనికి దిగుటకు అది తోడ్పడును. ఆరిపోవుచున్నచో చక్కెర కలిపిన నిమ్మరసము చిలుకరించుట చాలును.

తెల్లవారి నీటితో కడుగరాదు. పొడిముద్దను రాల్చి, కొబ్బరినూనెతో రుద్ది తుడిచి, ఆ పూట సబ్బు సోకనీయకుండుట మేలు. అప్పటికి గోరు నారింజవన్నెలో కనబడి కొందఱు నిరాశ చెందుదురు. తొందరపడరాదు, ఒకటి రెండు దినములలో గాలి సోకి అది ముదిరి ఎఱ్ఱబారును. ఇంకను చిక్కని రంగు కావలెనన్నచో వరుసగా రెండు మూడు రాత్రులు పెట్టవలెను. చర్మముకన్న గోరు ఈ పదేపదే పెట్టుటకు ఎక్కువగా ఫలించును. అటుపిమ్మట చేయవలసినది స్వల్పము: వారమునకొకమారు గోటి మొదట ఆముదము రాచుట, పెరిగిన కొనను కత్తిరించుట. అంట్లు తోమినను, బట్టలు ఉదికినను, రొయ్యలు వలిచినను ఈ రంగు పోదు.

గోళ్లరంగు సీసాలను నేను దూషింపను. లాక్మే సంస్థ 1952లో వెలసిన పిదప ఆ సీసాలు మన మధ్యతరగతి యిండ్లలోనికి వచ్చినవి. క్షణములో కోరిన వన్నె నిచ్చు సౌకర్యము వానిది. అయినను అది నైట్రోసెల్యులోజు పొర. గోటిపై కూర్చుండునే గాని గోటిలో కలియదు, గావున పనిచేయు చేతులకు వారము తిరుగక మునుపే పెచ్చులూడును, దానిని తుడుచుటకు వాడు ఎసిటోను గోటి తేమను పీల్చివేయును.

నేను గట్టిగా హెచ్చరింపదలచినది వేఱొకటి గలదు. అరగంటలో నల్లగా పండునని చెప్పి తిరునాళ్లలో అమ్ము కోన్లు గోరింట కావు. గోరింట నలుపు ఈయదు, అరగంటలో పండదు. ఆ నలుపు తలవెండ్రుకల రంగులలో వాడు పి.పి.డి. అను రసాయనమువలన కలుగవచ్చును. అది చర్మమునకు తగిలి బొబ్బలెక్కుట, జీవితాంతము ఎలర్జీ నిలుచుట కద్దు. స్వచ్ఛమైన గోరింట యైనను పసిబిడ్డలకు పెట్టరాదు. జి6పిడి అను ఎంజైము లోపించిన శిశువులకు దీనివలన ఎఱ్ఱరక్తకణములు చిట్లి ప్రాణాపాయము కలుగుటను వైద్యులు నమోదు చేసియున్నారు. శస్త్రచికిత్స నిర్ణయమైనవారు ఒకటి రెండు వ్రేళ్లను వదలి పెట్టుకొనుట మంచిది. గోటి సహజవర్ణమును చూచి రక్తమందలి ప్రాణవాయువును అంచనా వేయు వైద్యునకు అది సహాయము.

చిన్న తిరుపతి యనబడు ద్వారకా తిరుమల స్వామికి ఏటేట రెండు కల్యాణోత్సవములు, వైశాఖమున ఒకటి, ఆశ్వయుజమున ఒకటి. ఆశ్వయుజ మాసముననే అట్లతద్దియు వచ్చుటచే, ఆ దినములలో కొండ మెట్లెక్కు కన్నెపిల్లలలో పండిన గోళ్లు గలవారు నేటికిని ఉన్నారు. వారిలో పెక్కురు కోను గోరింట వారే యగుట మాత్రము నాకు బాధ కలిగించును. అమ్మమ్మ నూఱి, అమ్మ టోపి దిద్ది, చెల్లెలు అన్నము తినిపించిన ఆ రాత్రిని ఏ కోనును తీసికొనిరాజాలదు. ఈ విద్యకు బడి లేదు. పెట్టించుకొన్నవారే పెట్టుట నేర్చుకొనవలెను, ఒక తరము మానివేసినచో తరువాతి తరమునకు చెప్పువారుండరు.

కావున పాఠకులకు నా విన్నపము ఒక్కటే. ఈ తొలకరికి జేనెడు గోరింట కొమ్మనొకదానిని తెచ్చి, దొడ్డిలో నీరు నిలువని చోట, దొడ్డి లేనివారు ఎండ తగులు మేడమీది కుండీలోనైనను నాటుడు. వేరూని చిగుర్చిన తరువాత దానికి పెద్ద సేవ యక్కఱలేదు. అది ఎదుగుచున్నన్నాళ్లును ఇరుగింటి పొదనుండి గుప్పెడు ఆకు అడిగి తెచ్చి, ఇంటిలోని పెద్దామెచేత మీ పిల్లల గోళ్లకు పెట్టింపుడు.