ఆది

కరీంనగరు ప్రాంతమున అనేక గృహములలో, ఇనుప పెట్టె అడుగుననో బీరువా మూలనో, తొడుగుకొనువారు లేని పాత జాకెట్టొకటి మడతపెట్టి యుండును. రంగు వెలిసి, చంకలయొద్ద కుట్టు సడలి, హుక్కులలో ఒకటి రెండు ఊడిపోయినను దానిని ఎవరును పారవేయరు. ఏలయనగా వస్త్రముగా దాని ఆయువు తీరినది గాని కొలతగా అది ఇంకను సజీవముగ నున్నది. కుట్టుపనివారు దానిని 'ఆది' యందురు. క్రొత్త గుడ్డతోపాటు ఈ ఆదిని మేరవారి దుకాణమున ఇచ్చివచ్చినచో, మనిషి కనబడకున్నను ఆ మనిషికి అమరు రవికె సిద్ధమగును. దేహము దూరమున నుండగా దేహపు లెక్కను ఇంట నిలిపియుంచు ఈ చిన్న ఉపాయము, బిడ్డలను పరదేశములకు పంపుట అలవాటైన ఈ సీమకు మిక్కిలి అక్కరకు వచ్చినది.

1970ల చమురు సంపద గల్ఫు దేశములలో పనులకు ద్వారములు తెరచిన నాటినుండి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ పరిసరముల పల్లెలు దుబాయికి, మస్కటుకు, కువైటుకు మనుష్యులను పంపుచునే యున్నవి. తరువాతి తరమున కంప్యూటరు చదువులు చదివినవారు కుటుంబములతో డల్లాసుకు, న్యూజెర్సీకి తరలిరి. అచ్చటి అంగడిలో దుస్తులు ముందే నిర్ణయించిన పరిమాణములలోనే దొరకును. మన రవికె దొరుకుట అరుదు. కుట్టించుకొందమన్న కూలి బరువు. అందుచేత కొందరు స్త్రీలు ఇంట నున్న ఆదిని నమ్ముకొని కరీంనగరు దర్జీచేతనే కుట్టించి తెప్పించుకొనగా, మరికొందరు చిన్న మిషనొకటి కొని, వీడియోలు చూచి, తల్లిని ఫోనులో అడిగి, తమ బట్టల పెట్టెను తమ చేతులతోనే నింపుకొనుచున్నారు.

ఈ విద్య చూచువారికి తోచునంత సులభము కాదు. చీరతో వచ్చు జాకెట్టుగుడ్డ సామాన్యముగ 80 సెంటీమీటర్లు. వీపు, ముందు భాగములు, చేతులు, మెడపట్టీలు అన్నియు అందులోనే తేలవలెను గావున కత్తెరకంటె ముందుగా ఆలోచన నడువవలెను. లోపలి లైనింగుగుడ్డను మొదటనే నీట నానబెట్టి ఆరవేయుదురు. లేనిచో అది తరువాతి ఉతుకులలో కుదించుకొని పైగుడ్డను ముడుతలు పెట్టును. పిమ్మట ఆదిని నడిమికి మడిచి గుడ్డపై పరచి, భుజము, చంక, నడుము ఉన్నచోట్ల సుద్దతో గుర్తులు పెట్టుదురు. నేతగుడ్డ పడుగువెంట గాని పేకవెంట గాని లాగిన అంతగా సాగదు, ఏటవాలుగ లాగిన సాగును. ఈ స్వభావమెరిగినవారు ముందు భాగమును ఏటవాలుగ కోయుదురు. క్రాస్ కటింగ్ అని దుకాణములలో వినబడు మాట కిదియే అర్థము. కత్తెర తేజాలని వంపును డాట్లు తెచ్చును: చదునైన గుడ్డను మొనదేరునట్లు చిటికెడు మడిచి కుట్టినచో అది దొన్నెవలె ఒదుగును. మిషను పని ముగిసిన తరువాత మెడయంచున హెమ్మింగు, హుక్కులు, కాజాలు చేతిసూదికే మిగులును.

వీనియన్నిటిలో నాకు మిక్కిలి గొప్పదిగ తోచునది మార్జిను. ప్రక్కకుట్లకు లోపల అంగుళము గుడ్డను కోయక విడిచి, ఒకదాని ప్రక్క నొకటిగ రెండు మూడు వరుసలు కుట్టు వేయుదురు. ఒళ్లు వచ్చినపుడు ఒక వరుసను విప్పిన చాలును, రవికె వదులగును. కార్ఖానా వస్త్రము గుడ్డ పొదుపునకై ఈ చోటును సాధ్యమైనంత తగ్గించును. ఇంటి కుట్టు మాత్రము తొడుగుకొను మనిషి మారునని ముందే యొప్పుకొని, రాబోవు సంవత్సరములకు లోపలనే చోటు పెట్టును.

ఆదిలాబాదు తండాలలో లంబాడా స్త్రీలు ఈ చిక్కునే వేరొక తెరగున విప్పిరి. వారి రవికెయగు కాంచళికి వీపున గుడ్డ యుండదు, నాడాలతో ముడివేసికొందురు. ఫేటియా యను పావడను సైతము నడుమున నాడాతోనే బిగింతురు. దేహము మారినచో ముడి మారును గావున అచ్చట ఆదితో పనిలేదు. నేర్పంతయు అలంకరణమున కనబడును. వారు గుడ్డపై కుట్టు అద్దపుబిళ్లకు సూది దూరు రంధ్రము లేదు. కావున బిళ్లపై నిలువుగ రెండు, అడ్డముగ రెండు పోగులు బిగించి, ఆ చట్రమే ఆధారముగ అంచుచుట్టును సూదిని నడుపుచు పోగులను వెలుపలికి లాగుదురు. తుదకు నడుమ అద్దము తెరచుకొని చుట్టును దారపు వలయము నిలుచును. తొలుత వేసిన పోగులు వలయమున మరుగుపడును, కాని అవి లేనిచో అద్దము నిలువదు. ఈ జాతివారి కుట్టుపనికే బళ్లారి జిల్లా సండూరునందు 2010లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది.

ఇక చీర సంగతి వేరు. దానికి ఆది లేదు. తల్లి చీర కూతురికి, అత్త చీర కోడలికి అమరును. 2017 నుండి 2023 వరకు తెలంగాణ ప్రభుత్వము సిరిసిల్ల మరమగ్గములపై బతుకమ్మ చీరలు నేయించి ఊరూర పంచగలిగినదన్న, ఎవరి కొలతయు అడుగ నక్కరలేకపోవుటయే అందుకు మూలము.

పండుగనాడు ఫోనులో వచ్చు శుభాకాంక్షల చిత్రము ఈ చీరవంటిది. ఎంగిలిపూల బతుకమ్మ తెల్లవారునప్పటికి తంగేడు, గునుగు పూల బొమ్మ యొకటి మస్కటునుండి మెట్‌పల్లికి, మెట్‌పల్లినుండి డల్లాసుకు పోవును; నూరుగురికి పంపినను అక్షరము మారదు. ఇది వాట్సాపు పుట్టిన 2009 తరువాత వచ్చిన లోపమనుట అన్యాయము. మన తంతికార్యాలయములలోనే పండుగలకు, పెండ్లిండ్లకు సిద్ధవాక్యములు సంఖ్యలతో ఉండెడివి. పంపువాడు అంకె చెప్పిన చాలును, అందుకొనువానికి వాక్యము చేరెడిది. 2013 జూలైలో తంతి నిలిచిపోయినది గాని సిద్ధవాక్యము నిలువలేదు, బొమ్మలు తొడిగికొని ఫోనులో చేరినది. అందును తప్పులేదు; చీర అందరికిని ఒక్కటే యైనంత మాత్రమున దాని విలువ తగ్గదు గదా! కాని చీర యొక్కటే కట్టు కాదు. దానితో రవికె యుండవలెను, ఆ రవికెకు ఆది కావలెను. చిత్రము క్రింద వ్రాయు రెండు మాటలు రవికె వంటివి. ఎవరికి వ్రాయుచున్నామో వారి కొలత తెలియక అవి కుదురవు.

ఈ సత్యము ఎరిగియో ఎరుగకయో, తన బట్టలు తానే కుట్టుకొను పరదేశపు కూతురు పంపు సందేశములలో పండుగ బొమ్మ ప్రక్కనే కొన్ని అంకెలుండును: ఛాతీ 34, నడుము 28, చేయి 9. ఏ కోత సరియగునో చెప్పుమని ఆమె అడుగుచున్నది. తంతి అంకె ఎవరికి పంపినను ఒక్క మాటనే చెప్పెడిది. ఈ అంకెలు ఒక్కరి మాటనే చెప్పును. కోరుట్లలో తల్లి కండ్లద్దములు సవరించుకొని వానిని చదువును, పెట్టె తెరచి ఆదిని తీయును, టేపుతో నడుము కొలుచును. ఆదిలో ముప్పది యున్నది. కోత సంగతి తరువాత చెప్పవచ్చునని ఆమె మొదట ఫోను చేయును:

"సన్నగైనవు బిడ్డా, అన్నం తింటున్నవా?"