పరగడుపు అంకె

“రాత్రి మళ్లీ ఏం తిన్నావమ్మా?” షుగర్ ఉన్న పెద్దవాళ్లను ఇంట్లోవాళ్లు పొద్దున్నే నిలదీసే మాట ఇది. పడుకునేముందు 130 చూపిన మీటరు పరగడుపున 170 చూపితే ఇంటిల్లిపాదికీ అనుమానం ఆ మనిషి మీదే. మా అమ్మకు ఇన్సులిన్ వేసి, అంకెలు పుస్తకంలో రాసే పని నాది. ఆ ప్రశ్న ఎంత అన్యాయమో నాకు తెలుసు.

మనం ఇంకా నిద్రలో ఉండగానే ఒళ్లు లేవడానికి సిద్ధమవుతుంది. నిద్రలో ఊరిన గ్రోత్ హార్మోను, వేకువకు పెరిగే కార్టిసాల్ ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. కాలేయం గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. ఆరోగ్యవంతుల్లో క్లోమం ఇంకాస్త ఇన్సులిన్ ఇచ్చి సర్దేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో ఆ సర్దుబాటు సరిపోదు. మెతుకు ముట్టకపోయినా అంకె పెరుగుతుంది. డాక్టర్లు దీన్ని డాన్ ఫినామినన్ అంటారు.

అలాగని ప్రతిసారీ కారణం ఇదే కాదు. రాత్రి వేసిన మందు తెల్లారేలోగా అయిపోయి ఉండవచ్చు. అందుకే కొన్ని రాత్రులు మూడింటికి లేపి చూడమంటారు డాక్టర్లు. ఆ వేళ షుగర్ బాగా పడిపోయి ఉంటే, పొద్దుటి అంకెను మాత్రమే చూసి రాత్రి మోతాదు పెంచడం ప్రాణం మీదికి తెస్తుంది. నిద్ర చెడిందని అమ్మ విసుక్కున్నా, డాక్టరు చెప్పిన రాత్రి ఆ పరీక్ష నేను మానను.

ఇక రాత్రి భోజనం. పొద్దున తిన్నదే రాత్రి తింటే ఆరోగ్యవంతుల్లోనూ గ్లూకోజు ఎక్కువ పెరుగుతుంది. చీకటి పడ్డాక పెరిగే మెలటోనిన్ అనే హార్మోను ఇన్సులిన్ ఊరడాన్ని తగ్గిస్తుంది. మన ఒంట్లోనూ గడియారాలున్నాయి: మెదడులోనిది వెలుగును బట్టి నడుస్తుంది, కాలేయంలోది తిండివేళలను బట్టి సర్దుకుంటుంది. ఈ గడియారాల గుట్టు పండ్ల ఈగల్లో విప్పినందుకే హాల్, రాస్‌బాష్, యంగ్ అనే శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ వచ్చింది. 2018లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, షుగర్ వచ్చే అంచున ఉన్న కొద్దిమంది మగవాళ్లు ఐదు వారాలపాటు మధ్యాహ్నం మూడులోపే ఆఖరి భోజనం ముగించారు. బరువు తగ్గకుండానే వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది. మన ఇళ్లలో అది కుదరదు, నేను అడగను కూడా. పదింటి అన్నం ఎనిమిదికి జరిగినా మేలేనని నా నమ్మకం. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు మాత్రం డాక్టరుతో మాట్లాడాకే వేళ మార్చాలి.

నా బెంగంతా రాత్రి డ్యూటీ వాళ్ల గురించి. నర్సులు, వాచ్‌మన్లు, హైదరాబాద్ కాల్‌సెంటర్ పిల్లలు. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు టైప్ 2 మధుమేహం ముప్పు ఎక్కువని ఎన్నో అధ్యయనాలు చూపాయి. వాళ్ల చేతికి డైట్ చార్టు ఇచ్చేముందు, ఎన్నింటికి పడుకుంటావు, ఎన్నింటికి తింటావు అని ప్రతి డాక్టరూ అడగాలి.