ఇంటి పని - బడి పాఠము

2005వ సంవత్సరమున ప్రకటింపబడిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము, బడిలోని విద్యను బడి వెలుపలి జీవితముతో ముడిపెట్టవలెనని తన సూత్రములలో మొదట చెప్పినది. ఆచార్య యశ్‌పాల్ అధ్యక్షతన రూపొందిన ఆ పత్రముతో పేచీ లేదు. చిక్కంతయు అది తరగతి గదికి చేరిన విధమున నున్నది. లెక్కలో ఒక కోయ పేరు చేర్చుట, వార్షికోత్సవమున కొమ్ముల నృత్యము చేయించుట, గోడపై విల్లంబుల బొమ్మ అంటించుట - విద్యార్థి సంస్కృతిని ఆదరించుట యనగా ఇంతే యని పెక్కుచోట్ల తలచుచున్నారు. మరునాటి సామాన్యశాస్త్రపు పాఠములో ఆ సంస్కృతికి చోటుండదు.

ఖమ్మము పట్టణములో చేరియున్న ఖానాపురం హవేలి వంటి చోటునే తీసికొందము. ఖమ్మము పరిసరములలో రాతిని పలకలుగా కోసి మెరుగుపెట్టు కర్మాగారములు చాలగలవు. క్వార్ట్జు, ఫెల్డ్‌స్పారు ముఖ్యముగా గల లేతరంగు రాయి గ్రానైటు అని పుస్తకము చెప్పును. "మా నాన్న కోసే గ్రానైటు నల్లగా ఉంటుంది సార్" అని ఒక పిల్లవాడు లేచినచో, తప్పని కూర్చుండబెట్టుట సులభము. నిజమునకు పుస్తకమును, పిల్లవాడును ఇద్దరును సరియే. మెరుగుపట్టు గట్టి రాళ్లన్నిటిని వ్యాపారులు గ్రానైటనియే పిలుతురు. నల్లని వానిలో పెక్కు డోలరైటు, గాబ్రో జాతులవి. అవియు శిలాద్రవము చల్లారగా ఏర్పడినవే గాని, వానిలో క్వార్ట్జు బహు స్వల్పము.

ఈ భేదము పరీక్షకొరకు మాత్రమే కాదు. రంపము తిరుగునపుడు నీరేల పోయుదురని అడిగినచో, రంపము వేడెక్కకుండుటకని ఆ పిల్లవాడే చెప్పగలడు. రెండవ కారణము ఉపాధ్యాయుడు చెప్పవలసినది: నీరు ధూళిని అణచును. క్వార్ట్జు అనగా స్ఫటికరూపమున నున్న సిలికా. దాని అతిసూక్ష్మమైన ధూళి ఊపిరితిత్తుల లోపలి గాలితిత్తులను చేరి, అచట మచ్చలు కట్టించును. దీనినే సిలికోసిస్ అందురు. పాడైన భాగమును మరల బాగుచేయు మందు లేదు. ఈ పాఠము విన్న బాలుడు ఆ సాయంకాలము తండ్రిని, "పొడిగా కోస్తున్నారా, తడిపి కోస్తున్నారా?" అని అడుగును. నృత్యప్రదర్శన వలన ఈ ప్రశ్న పుట్టదు.

ఖమ్మమునుండి తూర్పుగా భద్రాచలపు అడవులవైపు సాగినచో సమస్య మరియొక రూపు దాల్చును. అచటి కోయ పిల్లల ఇంటిభాష గోండికి దగ్గరిదైన ద్రావిడభాష. గిరిజనులకు వారి భాషలో చదువు చెప్పవలెనను యత్నము క్రొత్తది కాదు. ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో హైమండార్ఫ్ 1943లోనే గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము నెలకొల్పినాడు. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కోయతో సహా ఎనిమిది గిరిజనభాషలలో, తెలుగు లిపితో, బోధన ఆరంభించినది. మేలైన పనియే. కాని అది ప్రాథమిక తరగతులకు ఉద్దేశించినది. రసాయనశాస్త్రము ఆ పైతరగతులలో గదా వచ్చును! ఇప్పపువ్వులోని చక్కెర పులియుట, పులిసిన దానిని కాచి ఆవిరిని చల్లార్చుట గ్రామమున ఎరుగనివారు అరుదు. కిణ్వనము, స్వేదనము అను పాఠములకు ఇంతకన్న దగ్గరి ఉదాహరణము దొరకదు. సారా ప్రసక్తి యని ఉపాధ్యాయుడు జంకును; పిల్లవాడు తన ఇంటి సంగతి దాచుకొనును. త్రాగుడు చేయు కీడును చెప్పుటకును అదే తగిన తావు గదా!

అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమున మెక్సికన్ సంతతి కార్మికుల ఇండ్లకు ఉపాధ్యాయులే వెళ్లి, ఆ కుటుంబములకు తెలిసిన పనులను విచారించి పాఠములు కూర్చిరి. లూయిస్ మోల్ మున్నగువారు దానిని 1992లో వివరించిరి. అందు గమనింపదగినది, ముందుగా నేర్చుకొనినవాడు ఉపాధ్యాయుడే యనుట. ఇచట జరుగుచున్నది తరచు దీనికి విరుద్ధము. తరగతిలో నిలబెట్టి "మీ నాన్న ఏమి చేస్తాడు?" అని అడుగుదురు. హమాలీ కొడుకు తల వంచుకొనును, ప్రక్కవారు నవ్వుదురు. అడుగవలసినది మనిషినిగూర్చి కాదు, పనినిగూర్చి: "రాయి కోయడం చూసినవారు ఎవరు? మిరపకాయల ఘాటు తగిలిన చేతిని నీళ్లతో కడిగితే మంట పోయిందా, నూనె రాస్తే పోయిందా?" ఈ రెండవ ప్రశ్నకు మిరపయార్డు పిల్లలు చెప్పు జవాబు నుండియే, కాప్సైసిన్ నీట కరుగక నూనెలో ఏల కరుగునో పాఠము మొదలిడవచ్చును.