అట్ట నుంచి అట్ట దాకా

గ్రంథాలయాల్లో పత్రికల్ని బైండు చేయించేటప్పుడు చాలాచోట్ల మొదట జరిగే పని అట్టలు పీకేయడం. రంగుల అట్ట పోతుంది. దాని వెనకనున్న సబ్బు ప్రకటన పోతుంది. మధ్యలో వేరే కాగితం మీద అచ్చేసి కుట్టిన చందా ఫారం పోతుంది. పన్నెండు సంచికలు కలిసి ఒక లావుపాటి పుస్తకమై, వీపున బంగారు అక్షరాలతో బీరువాలోకి చేరతాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, బైండరు పనికొస్తాయనుకున్న కాగితాలే అందులో మిగులుతాయి.

అట్టనీ ప్రకటననీ వదలకూడదన్న పట్టుదల నాకు పండితుల దగ్గర కనబడలేదు, వీడియో గేమ్ పిచ్చోళ్ళ దగ్గర కనబడింది. అమెరికాలో 1981లో మొదలైన కంప్యూటర్ గేమింగ్ వరల్డ్, 1988 నుంచి 2012 దాకా నడిచిన నింటెండో పవర్, జపాన్‌లో 1986లో పుట్టిన ఫామిత్సు లాంటి పత్రికల పాత సంచికల్ని అభిమానులు సొంత డబ్బుతో కొని, ఇంట్లో కూర్చుని, ముందట్ట నుంచి వెనకట్ట దాకా ఒక్క పేజీ వదలకుండా స్కాన్ చేస్తూ వచ్చారు. గేమ్ ఎలా గెలవాలో బొమ్మలతో, మ్యాపులతో చెప్పే గైడు పుస్తకాలనూ అలాగే దాచారు. ఆ గైడులకు పేరుపడ్డ ప్రైమా సంస్థ మూతపడుతున్నట్టు 2018లో ప్రకటన వచ్చేనాటికి వాటిని ఏరి పెట్టుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. మన దగ్గర గైడు అంటే పదో తరగతి గైడే. వాటిని దాచినవాళ్ళు నాకింతవరకు తగల్లేదు.

ప్రకటనలు ఎందుకంత ముఖ్యమంటే, సూపర్ మేరియో బ్రదర్స్ సంగతే చూడండి. జపాన్‌లో అది 1985 సెప్టెంబరు 13న విడుదలైంది. అందులో అనుమానం లేదు. అమెరికాలో ఏ రోజు అమ్మకానికొచ్చిందో మాత్రం ఇప్పటికీ రూఢిగా తేలలేదు. కోట్లమంది ఆడిన ఆటకు అక్కడ పుట్టినరోజు తెలియదు! వీడియో గేమ్ చరిత్రకారుడు ఫ్రాంక్ సిఫాల్డి 2012లో దీని మీద ఒక పెద్ద వ్యాసమే రాశాడు. కంపెనీ చెప్పేది ఒకటి, మనుషుల జ్ఞాపకం ఇంకొకటి. ఇలాంటి చోట తగవు తీర్చగలిగేవి ఆనాటి పేపర్లలో దుకాణాలు వేసుకున్న ప్రకటనలు, వ్యాపార పత్రికల్లోని చిన్న చిన్న వార్తలు. అంటే బైండరు పీకి పారేసే కాగితాలన్నమాట.

మా గంభీరావుపేటకు గేమ్ పత్రిక వచ్చిన దాఖలా లేదు. ఆటలు వచ్చాయి, కాగితం రాలేదు. మా దిక్కు పిల్లలు సిరిసిల్లలోనో కామారెడ్డిలోనో గంటల లెక్కన డబ్బులిచ్చి ఆడినవి కాపీ క్యాసెట్లు. వాటి మీద 9999 ఆటలని ఉండేది, లోపల తిప్పి తిప్పి ఓ పదో ఇరవయ్యో. పెట్టె లేదు, పుస్తకం లేదు. కాంట్రాలో ముప్ఫై లైఫ్‌లు కావాలంటే పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ అని నొక్కాలని పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పాలి. కొనామీ సంస్థలో ప్రోగ్రామరు కజుహిసా హషిమోతో 1986లో గ్రాడియస్ అనే ఆటను తను పరీక్షించుకోవడం కోసం అందులో పెట్టుకున్న మీటల వరస అది. అమెరికా పిల్లలకు పత్రికల్లోని చిట్కాల పేజీల్లో దొరికింది, ఇక్కడ నోటిమాటగా వచ్చింది. చిట్కాల పేజీ స్కాన్ అయి ఉంది కాబట్టి అక్కడ అది ఎప్పుడు, ఎలా పాకిందో చెప్పగలరు. మన ఊళ్ళలో ఎలా పాకిందో చెప్పడానికి ఇప్పుడు నలభై దాటినవాళ్ళ జ్ఞాపకం తప్ప ఏమీ లేదు.

ఆ తర్వాత కాగితం వచ్చింది. ఇంగ్లీషులో డిజిట్, ఆ ఇంటి నుంచే గేముల కోసం స్కోర్, తెలుగులో నల్లమోతు శ్రీధర్ సంపాదకత్వంలో కంప్యూటర్ ఎరా. వీటి పాత సంచికలు ఇప్పుడు ఎక్కువగా కనబడేది తూకం దుకాణాల్లోనే. సిరిసిల్లలో ఒక పాత పేపర్ల కొట్టు ముందు కూలబడి నేను కట్టలు విప్పుతుంటే దుకాణదారు కాసేపు చూసి, “గీ పాత బుక్కులేం జేస్కుంటవ్ సార్? జోకి ఇస్త, తీస్కపో” అన్నాడు. జోకాడు, ఇచ్చాడు. సంచికతోపాటు వచ్చిన సీడీ ఒక్కదానిక్కూడా లేదు. సీడీలు విడిగా ఎప్పుడో పిట్టల్ని బెదరగొట్టడానికి చేలల్లోకి పోయి ఉంటాయి.

తెలుగు పత్రికలకొస్తే బైండరు చేసిన నష్టం ఇంకా పెద్దది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టాడు. 1908లో అక్కడే ఆంధ్రపత్రిక, 1924లో మద్రాసు నుంచి భారతి తెచ్చాడు. తలనొప్పి మందు డబ్బుతో ఒక భాష పత్రికా రంగం నిలబడింది. ఆ పత్రికల్లో అమృతాంజనం ప్రకటన చించేస్తే ఆ పత్రిక ఖర్చు ఎవరు భరించారో చెప్పే కాగితమే చించేసినట్టు. మన సాహిత్య చరిత్రల్లో వ్యాసాలూ కవితలూ ఎత్తి రాసినవాళ్ళే గానీ, ఏ సంచికలో ఏ దుకాణం ఎంత చోటు కొనుక్కుందో లెక్కగట్టినవాళ్ళు అరుదు. లెక్కగట్టాలన్నా కాగితాలు ఉండాలి కదా.

ఉన్నంతలో దాచినవాళ్ళున్నారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం మొదలై పత్రికల్ని పోగుచేశాయి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత పత్రికల్ని స్కాన్ చేయించి ఇంటర్నెట్లో పెట్టింది. మనసు ఫౌండేషన్ రచయితల సమగ్ర సంపుటాల కోసం పాత సంచికలు వెతుకుతూ వెతుకుతూ స్కానింగునే పెద్ద పనిగా పెట్టుకుంది. ఇక 1947 జులైలో మొదలైన చందమామను దాచింది ఏ సంస్థకన్నా ఎక్కువగా పాఠకులే. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళు తోకచుక్క, మకరదేవత లాంటివి మళ్ళీ పుస్తకాలుగా వచ్చాయంటే, చిత్రా గీసిన బొమ్మలతో ఉన్న సంచికలు ఎవరో అటకల మీద ఉంచబట్టే.

పని ఎలా చేయాలో కొంచెం దగ్గర్నుంచి చెబుతాను. ముందు పిన్నులు. పత్రిక నడుమ ఉండే రెండు ఇనుప పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తుంటాయి. వెనక నుంచి లాగితే పేజీ చిరుగుతుంది. సంచికను సరిగ్గా మధ్య పేజీ దగ్గర తెరిచి, ముడుచుకున్న పిన్ను కాళ్ళ కిందికి పలుచటి స్టీలు స్కేలు దూర్చి, నిదానంగా నిటారు చేసి, అప్పుడు వీపు వైపు నుంచి తీయాలి. పిన్నులు వచ్చేశాక ఏ కాగితానికాకాగితం విడిపోతుంది. 64 పేజీల సంచికైతే 2వ పేజీ పక్కన 63వ పేజీ ఉంటుంది. ఆ వరస తప్పకుండా పెట్టుకోవాలి. ఏ4 స్కానరు అద్దం మీద చందమామ సైజు కాగితం పూర్తిగా విప్పితే పట్టదు కాబట్టి సగం, సగం తీయాలి.

కాగితం వెనక నల్ల అట్ట పెట్టాలి. ఇది చాలామందికి తెలియదు. స్కానరు మూత తెల్లగా ఉంటుంది. పలుచటి న్యూస్‌ప్రింటులోంచి దూసుకెళ్ళిన వెలుగు ఆ తెల్ల మూతకు కొట్టుకుని తిరిగొస్తూ, అవతలి పేజీ అక్షరాల్ని ఇవతలికి తెస్తుంది. నల్ల అట్ట ఆ వెలుగును మింగేస్తుంది, అవతలి అక్షరాల నీడ చాలావరకు పోతుంది.

తర్వాతి తలనొప్పి బొమ్మలది. అచ్చులో రంగుల బొమ్మ అంటే వరసలుగా పేర్చిన చుక్కలు. స్కానరు చూసేదీ గళ్ళు గళ్ళుగానే. సిరిసిల్లలో మగ్గం మీంచి దిగిన రెండు పలుచటి బట్టల్ని ఒకదాని మీద ఒకటి వేసి వెలుగుకెదురుగా పట్టుకోండి, ఏ నేతగాడూ నేయని అలలు కనబడతాయి. స్కాన్‌లో బొమ్మల మీద పడే ఆ అలల్నే మోయిరే అంటారు. చాలామంది తక్కువ నాణ్యతతో, 150 డీపీఐలో తీసి, ఆ అలలు పోవడానికి ఏవేవో మెరుగులు పెడతారు. అలా పోవు. 600 డీపీఐలో తీసి, చుక్క చుక్కా విడిగా కనబడేటట్టు చేసుకుని, ఆ తర్వాత కొద్దిగా మసకబరిచి, సైజు సగానికి తగ్గించాలి. 18 సెంటీమీటర్ల వెడల్పు, 24 సెంటీమీటర్ల పొడవున్న ఒక్క రంగుల పేజీ 600 డీపీఐలో, కుదించని టిఫ్ ఫైలుగా 70 ఎంబీ పైనే అవుతుంది. 64 పేజీలంటే నాలుగున్నర జీబీ. హార్డ్ డిస్కు ధర చూసి చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు, నేను తప్పుపట్టను. కానీ ఆ మూల ఫైళ్ళుంటేనే రేపు ఇంకో పద్ధతి వచ్చినప్పుడు సంచికను మళ్ళీ ముట్టుకోకుండా పని చేసుకోవచ్చు.

పసుపు రంగును తెల్లబరచడం మీద నాకు కోపం. న్యూస్‌ప్రింటులోని లిగ్నిన్ వెలుగుకీ గాలికీ పసుపెక్కుతుంది, ఆమ్లం వల్ల పెళుసవుతుంది. అది కాగితం వయసు. చదువుకునే కాపీలో తెల్లబరచుకోండి, అసలు ఫైలును అలాగే ఉంచండి. పదకేళి గళ్ళల్లో ఎవరో పెన్సిలుతో నింపిన జవాబులు, గ్రంథాలయం ముద్ర, ఫోటో వ్యాఖ్యల పోటీ పక్కన ఎవరో గీకి చూసుకున్న వ్యాఖ్య, ఇవేవీ చెరపొద్దు. చందాదారు పేరూ చిరునామా ఉన్న చీటీ మాత్రం బయటపెట్టే కాపీలో కప్పేయాలి. అసలు చీటీని పడేయొద్దు. 2016 అక్టోబరులో రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడకముందు ఇక్కడికొచ్చిన చీటీల మీద కరీంనగర్ జిల్లా అని ఉంటుంది.

నలుపు తెలుపుల్లో తీస్తే ఏమవుతుందో చూడాలంటే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఫైళ్ళు తెరవండి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటర్ శాస్త్రంలో 1994 ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగం అది. బెంగళూరులోని ఐఐఎస్‌సీ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ కలిసి చేశాయి. చాలా పెద్ద పని అది, ఆ రుణం తీరేది కాదు. కానీ ఫైలు చిన్నదవాలని చాలావరకు ఉత్త నలుపు, తెలుపుల్లోనే తీశారు. అక్షరాలు బాగానే ఉంటాయి, ఫోటోలు సిరా ఒలికిన మచ్చలైపోయాయి. తర్వాత ఆ వెబ్‌సైటు ఆగిపోయింది. అప్పటికే కార్ల్ మాలముద్ లాంటివాళ్ళు లక్షల పుస్తకాల్ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టారు కాబట్టి మనకు దక్కాయి. ఒకే చోట పెట్టి ఊరుకుంటే ఏమవుతుందో అప్పుడు తెలిసొచ్చింది.

గేమ్ పత్రికలవాళ్ళ పద్ధతి ఒకటి మనకు పనికిరాదు. వాళ్ళు సంచిక వీపును పెద్ద కత్తెర మిషను మీద కోసి, విడి కాగితాల్ని యంత్రంలో వేసి నిమిషాల మీద స్కాన్ చేస్తారు. లక్షల కాపీలు అచ్చయిన పత్రికకు ఒకటి పోతే ఇంకోటి దొరుకుతుంది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి మొదలుపెట్టిన గోలకొండ పత్రిక సంచికను కోసేసి ఇంకోటి తెమ్మంటే ఎక్కణ్ణుంచి తెస్తాం? తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో 1934లో వచ్చిన గోలకొండ కవుల సంచిక లాంటి దాన్ని కత్తెరకిచ్చే ధైర్యం నాకైతే లేదు. బైండు పుస్తకాన్ని పూర్తిగా తెరవకుండా ఇంగ్లీషు వీ అక్షరం ఆకారంలో ఉన్న చెక్క మీద పెట్టి, రెండు కెమెరాలతో తీయాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాడేది ఆ పద్ధతే. ఫోనుతో తీసినా సరే, ఫోను స్టాండు మీద ఉండాలి, వెలుగు రెండు పక్కల నుంచీ రావాలి.

స్కాన్ అయిపోయాక వెతకడం. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2025 జనవరిలో తన డిజిటల్ గ్రంథాలయం తెరిచినప్పుడు 1500కు పైగా పాత సంచికల్లో ఏ మాటైనా కొట్టి వెతుక్కునే వీలు కల్పించింది. తెలుగులో ఆ సుఖం ఇంకా సగమే. పాత అచ్చులో వత్తులు కిందికి దిగి తర్వాతి వరస గుడిని తగులుతాయి. అరిగిన టైపులో ద ఏదో ధ ఏదో కంటికే తెలియదు, బొమ్మలోంచి అక్షరాల్ని చదివే ఓసీఆర్‌కు ఎలా తెలుస్తుంది? అరసున్నలు, బండి ఱలు సరేసరి. అందుకే తెలుగు వికీసోర్స్‌లో మనుషులు కూర్చుని పేజీ పేజీ దిద్దుతున్నారు.

కాపీరైటు సంగతి చెప్పకుండా ఈ పనిలోకి దింపడం సరికాదు. మన చట్టంలో రచయిత, చిత్రకారుడు పోయిన తర్వాత 60 ఏళ్ళు హక్కుంటుంది. పేరు లేకుండా అచ్చయినవాటికి అచ్చయిన ఏడాది తర్వాత 60 ఏళ్ళు. చందమామ అట్టల మీద వపా బొమ్మలున్నాయి. వపా, అంటే వడ్డాది పాపయ్య, 1992లో పోయారు, అంటే 2052 దాకా హక్కులున్నట్టే. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టిన నింటెండో పవర్ సంచికల్ని 2016లో నింటెండో తీయించేసింది. స్కాన్ చేసి దాచుకోవడం ఒకటి, అందరికీ పంచడం మరొకటి. పంచడానికి ఆగాల్సొస్తే ఆగుదాం, స్కాన్ చేయడానికి ఆగితే చెదలు ఆగవు.

బొమ్మరిల్లు, బాలమిత్ర, పాత కంప్యూటర్ పత్రికలు ఎవరింట్లోనైనా ఉంటే వరస చూసి, ముందట్టతో మొదలుపెట్టండి. చివరి పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో ఎవరు అచ్చేశారో, ఎవరు ప్రకటించారో, ఏ ఊళ్ళోనో ఉంటుంది. 2024 దాకా అమల్లో ఉన్న 1867 నాటి ప్రెస్ చట్టం ప్రకారం ప్రతి పత్రికా వేసి తీరాల్సి వచ్చిన వాక్యం అది. స్కానరు అద్దం అంచున అది సగం తెగిపోతుంటుంది. కాగితాన్ని కాస్త పైకి జరిపి ఆ పేజీ ఇంకోసారి తీయండి.