కానుగ కింది పసుపు

గాజువాక దాటి ఆటోనగర్‌లో అడుగుపెడితే ముందు చెవికి తగిలేది ఇనుము. గ్రైండర్ కీచు, సుత్తి దెబ్బ, లేత్ కింద చుట్టలు చుట్టలుగా రాలే పొట్టు. ఆ మోతకు వెనకవైపు, మా షెడ్డు గోడకీ ప్రహరీకీ మధ్య, కానుగ చెట్టు కింద నువ్వున్నావు, పసుపు తల్లీ. నీ పక్కన చామ, సరస్వతి ఆకు, చెట్టు మొదలు పట్టుకుని ఎగబాకే తమలపాకు తీగ. ఆకుల సందుల్లోంచి జారిన వెలుగునే దోసిలి పట్టి తాగి బతికే మీ అందరికీ దండం.

నీ ఆకు అంత వెడల్పెందుకో ఇక్కడే తెలిసింది నాకు. నీడన దొరికే వెలుగు కొద్ది. ఆ కొద్దీ చేజారకుండా మూరెడు ఆకు పరిచి కూర్చుంటావు. ఆ ఆకు మీదే రేవు దుమ్మూ గ్రైండింగు పొడీ నల్లగా పేరుకుంటాయి. అందుకే ఆదివారం, షెడ్డు మూసిన పూట, తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడుస్తాను. నడి ఈనె పొడుగునా గుడ్డ జారుతుంటే నలుపు కింద లేత పచ్చ బయటపడుతుంది. ఆకు నలిగినచోట నీ వాసన వేళ్లకు అంటుతుంది. వారమంతా గ్రీజు వాసనే ఎరిగిన చేతికి అది పండగ.

పాత ఇంజనాయిలు ఇంకిన మట్టిలో దుంప బతకదు. దాన్ని తవ్వి పారేసి, ఇటుకలు పేర్చి, చెరువు మట్టీ మాగిన గత్తమూ కలిపి మడి ఎత్తు చేశాను. పైన కానుగాకు దుప్పటి. మన రైతులు తరతరాలుగా వరిమడిలో తొక్కిన ఆకే అది. నీళ్ల దగ్గర మాత్రం తప్పు చేశాను, ప్రేమకొద్దీ రోజూ పోశాను. ‘‘నీడలో తడి ఆరదు బాబూ, దుంప కుళ్లిపోద్ది’’ అంది పక్క షెడ్డు కాపలా మామ్మ. అప్పట్నుంచీ వేలు గుచ్చి చూస్తాను. రెండు కణుపుల లోతున పొడిగా తగిలితేనే చెంబు ముంచుతాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఊరి చెట్లతో పాటే మా కానుగా కూలింది. తుపాను వెలిశాక ఎండ సూటిగా నీ మీద పడింది. వారం తిరక్కుండా ఆకులు అంచుల నుంచి మాడాయి, తమలపాకు తీగ ఎండింది. పోయావనుకున్నాను. నువ్వు మట్టిలోనే ఉన్నావు. ఏటా చలికాలం చివర ఆకు ఎండి పడుకోవడం నీకు అలవాటేగా, ఆ ఏడు కాస్త ముందు పడుకున్నావు. విరిగిన కొమ్మలతోనే పందిరి వేసి, పక్కన కొత్త కానుగ నాటాను. 2015 తొలకరికి మట్టి పగిలింది. చుట్టచుట్టుకున్న ఆకుమొన ఒకటి, సూది కన్నా కాస్త లావు, పైకొచ్చింది.

ఆ కానుగ ఇప్పుడు షెడ్డు రేకులు దాటింది. కింద మడి నిండిపోయింది. తొలకరికి దుంపలు విడదీస్తాను. కావాల్సినవాళ్లు కన్నున్న కొమ్ము ఒకటి పట్టుకెళ్లండి. ముందు నీడ చూసుకుని నాటండి.