బకాసురుడి జీతం: రాక్షస చిత్రాల నవలల మీద కొన్ని మాటలు

రాక్షస సినిమాలను నవలలుగా మార్చిన పుస్తకాల మీద వ్యాసం రాస్తున్నానంటే ఒక సాహిత్య మిత్రుడు కోప్పడ్డాడు. సినిమాయే చౌకబారు సరుకు, దాని వెనక తోకలా వచ్చే పుస్తకాన్ని గురించి అభ్యుదయ రచయితలు కాగితం ఖర్చు పెట్టాలా అని ఆయన ప్రశ్న. అందులో సగం న్యాయం లేకపోలేదు. ఇలాంటి పుస్తకాలు చాలావరకు టికెట్లు అమ్మడానికే పుట్టాయి. అయితే అమ్మకానికి పుట్టినదంతా అమ్మకంతోనే ఆగిపోతుందని ఏ సూత్రం చెబుతున్నది? తెర మీద లేనిది పుస్తకంలో ఏం చేరింది, ఎవరి మేలుకు చేరింది అని విచారించకుండా తీర్పు చెప్పడం విమర్శ కాదు, వట్టి విసుగు.

ముందు మన ఇంటి సంగతి చూద్దాం. సినిమా హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకంలో కథాసంగ్రహం కూడా వుండేది. అది సరిగ్గా చిక్కుముడి పడ్డ చోట ఆగిపోయి, మిగతా కథ వెండితెర మీద చూడమనేది. అంటే పాఠకుణ్ణి హాల్లోకి నెట్టడమే దాని పని. వెండితెర నవల పని ఇందుకు తలకిందులు. అది కథను హాల్లోనుంచి ఇంటికి తెచ్చింది. 1950, 60లలో ముళ్ళపూడి వెంకటరమణ ఇలాంటి నవలలు కొన్ని రాశారు. చాలాకాలం తర్వాత రావి కొండలరావు ‘మాయాబజార్’ (1957)ను వెండితెర నవల చేశారు. టీవీలూ క్యాసెట్లూ లేని రోజుల్లో బొమ్మ వూరు దాటి పోయిందంటే మళ్ళీ చూడటమన్నది అదృష్టం మీద ఆధారపడ్డ వ్యవహారం. జ్ఞాపకానికి ఆ నవలే ఆసరా. ఇది చిన్న సేవ కాదు.

కాని గమనించండి, మాయాబజార్‌లోని ఘటోత్కచుడు ఎంత పెరిగినా మనకు భయం వెయ్యదు. అతను ఎవరి కొడుకో, ఎవరి పక్షాన వున్నాడో వీధిబడి పిల్లవాడికీ తెలుసు. ఆ కథను నవల చేసేవాడు కొత్తగా కారణం వెతకనక్కరలేదు, మాటలోని రుచీ హాస్యమూ చెడకుండా నిలబెడితే చాలు. పట్నాన్ని తొక్కుకుంటూ వచ్చే మృగం సంగతి అలా కాదు. అది ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు చేసిన పనివల్ల వచ్చింది అన్న ప్రశ్న దాని వెంటనే వస్తుంది. తెర మీద కూలే మేడల చప్పుడులో ఆ ప్రశ్న వినపడదు. పుస్తకంలో వినపడుతుందా లేదా అన్నదే నా విచారణ.

దీనికి కొలబద్ద మా జిల్లాలోనే వుంది. భారతంలోని ఏకచక్రపురం బోధనేననీ, భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేననీ స్థానికంగా చెప్పుకుంటారు. దాన్ని చరిత్ర ఒప్పుకుంటుందా అన్నది వేరే సంగతి. పిల్లలకు చెప్పే కథలోనూ, ఆటలోనూ, తెర మీదా మనకు మిగిలింది బండెడు అన్నం, భీముడి ఆకలి, ఆ తర్వాత కుస్తీ. వ్యాస భారతం ఆదిపర్వం తెరిచి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. అక్కడ బకుడు వూరి మీద వూరికే పడి తినేవాడు కాడు. ఆ రాజ్యానికి రాజు వున్నాడు, కాని కాపాడే చేవ లేనివాడు. బయటి శత్రువుల నుంచి దేశాన్ని కాపాడేది బకుడే. అందుకు అతనికి ముట్టే బండెడు అన్నాన్నీ, రెండు దున్నలనూ, ఒక మనిషినీ భారతం ‘వేతనం’ అనే అంటుంది. ఇంటికొక వంతు. ఇంకా గట్టి మాట ఒకటుంది. తన బదులు పంపడానికి మనిషిని కొనేందుకు తన దగ్గర డబ్బు లేదని ఆ బ్రాహ్మణుడు వాపోతాడు. అంటే డబ్బున్నవాడికి ఆ దారి వుండేదన్నమాట! కుస్తీ చూసినవాడికి రాక్షసుడు తెలుస్తాడు. గ్రంథం చదివినవాడికి ఆ రాక్షసుడికి జీతమిచ్చి పోషించే వ్యవస్థ తెలుస్తుంది.

ఈ పాఠం చెప్పిన ఏడాది, బోధన్ నుంచి రోజూ నిజామాబాద్‌కు బస్సులో వచ్చే ఒక విద్యార్థి వ్యాసం రాసుకొచ్చాడు. శక్కర్‌నగర్‌లోని చక్కెర ఫ్యాక్టరీయే ఆధునిక బకాసురుడని అతని ప్రతిపాదన. బారులు తీరిన చెరుకు బండ్లు, వంతుల వారీ కటింగ్ ఆర్డర్లు, పొగ గొట్టం అన్నీ పోలికలో ఇమిడిపోయాయి. చదవడానికి ఇంపుగా వుంది. నేను మార్కులు తగ్గించాను. నిజాంసాగర్ 1931లో పూర్తయి నీళ్ళు పారిన తర్వాత, 1930ల చివర్లో ఆ ఫ్యాక్టరీ లేచింది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి గానుగ ఆపేశారు. అది వూరిని తినే రాక్షసే అయితే, ఆగిన రోజు వూరు పండుగ చేసుకోవాలి గదా? చేసుకున్నదా? తెరవాలని కార్మికులూ రైతులూ రోడ్డెక్కారు. పెద్దగా, నల్లగా, పొగ కక్కుతూ కనిపించిన ప్రతిదాన్నీ రాక్షసుడనడం మన అభ్యుదయ కవిత్వానికి కూడా పట్టిన పాత జబ్బు. పోలిక కుదిరినంత మాత్రాన కారణం దొరికినట్టు కాదు.

ఇక పరదేశపు పుస్తకాలు. ‘కింగ్ కాంగ్’ సినిమా 1933లో వచ్చింది. డెలోస్ లవ్‌లేస్ రాసిన నవల అంతకు ముందే, 1932 చివర్లో బజారుకెక్కింది. సినిమా ఇంకా తయారవుతుండగా, స్క్రిప్టు పాత ప్రతిని పట్టుకుని రాసినది గనక, తర్వాత మారిపోయినవి ఇందులో నిలిచాయి. ఓడ పేరు కూడా వేరు. తెర మీద దుంగ మీంచి అగాధంలోకి పడ్డ నావికులు పడటంతోనే చస్తారు. పుస్తకంలో మాత్రం అడుగున పెద్ద సాలెపురుగు వంటి జీవులు కాచుకుని వుంటాయి. సినిమా చరిత్రకారుడికి ఇది విలువైన శిలాజమే. కాని ఒక ద్వీపం మీదికి ఓడ వేసుకుపోయి, అక్కడివాళ్ళు దేవుడనుకునేదాన్ని గొలుసులతో కట్టి తెచ్చి న్యూయార్కులో టికెట్టు పెట్టి చూపించారు గదా! ఆ ద్వీపవాసుల వైపు నిలబడి ఈ దోపిడీని చూడాలన్న ఆలోచన నవలకూ రాలేదు. చేరింది సాలెపురుగే, చూపు కాదు.

1960 ప్రాంతంలో అమెరికాలో మోనార్క్ బుక్స్ వాళ్ళు ‘గోర్గో’, ‘కాంగా’, ‘రెప్టిలికస్’ సినిమాలను నవలలుగా వేశారు. వీటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మృగం పక్కన పడకగది చేర్చారు. ‘రెప్టిలికస్’ తీసిన సిడ్నీ పింకే ఆ పుస్తకంలోని బూతు భరించలేక కోర్టుకెక్కాడు. నా మిత్రుడి కోపం ఇక్కడ పూర్తిగా సబబు.

జపానులో కథ వేరే దారి పట్టింది. 1954 మార్చి 1న బికినీ దీవి దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పేల్చింది. ఆ బూడిద ‘లక్కీ డ్రాగన్’ అనే చేపల పడవలోని 23 మంది మీద రాలింది. వారిలో రేడియో ఆపరేటరుగా పనిచేసే కుబొయామా సెప్టెంబరు 23న చనిపోయాడు. ఆ నవంబరులోనే ఇషిరో హోండా ‘గాడ్జిల్లా’ విడుదలైంది. దానికి మూలకథ ఇచ్చిన షిగెరు కయామా మరుసటేడు, 1955 జూలైలో, ఆ సినిమానూ దాని తరువాయి భాగాన్నీ బాలల కోసం నవలలుగా రాశాడు.

సినిమాలో ఆ పడవ పేరు లేదు. ఒక పడవ వెలుగులో మాడి మునగడం మాత్రం వుంది. అది చూసిన జపాను ప్రేక్షకుడికి అర్థమయ్యే వుంటుంది, నిజమే. కాని కయామాకు ఆ నీడ చాలలేదు. తన ముందుమాటలో నేరుగా పిల్లలతో మాట్లాడతాడు. గాడ్జిల్లా లాంటి జంతువు లోకంలో ఎక్కడా లేదు, కాని ఈ కథలో ఆ రూపం ఎత్తిన అణుబాంబులు, హైడ్రోజన్ బాంబులు నిజంగా వున్నాయి, వాటిని ఆపే వుద్యమంలో ఒకడిగా తాను ఈ నవల రాస్తున్నాను అని అంటాడు. అప్పటికి జపానులో బాంబులకు వ్యతిరేకంగా ఇల్లిల్లూ తిరిగి సంతకాలు సేకరిస్తున్నారు. సంతకాలు మూడు కోట్లు దాటాయి. మరుసటి నెలలో హిరోషిమాలో ప్రపంచ మహాసభ జరిగింది. ఇంతకూ అదే సినిమాను 1956లో అమెరికా కంపెనీ తిరగగోసి, ఒక అమెరికన్ విలేఖరిని మధ్యలో నిలబెట్టి, బాంబు ప్రస్తావనలు చాలావరకు తీసేసి అమ్మింది. అంటే ఒక ప్రతిలో కారణాన్ని కత్తిరించారు, మరొక ప్రతిలో చేర్చారు. పుస్తకం ఏం చేర్చిందని అడిగే మిత్రుడికి ఇంతకంటే స్పష్టమైన జవాబు నా దగ్గర లేదు.

చేర్చినది ముందుమాటే అయితే దాన్ని కరపత్రమనవచ్చు. కథలోనూ మార్పు వుంది. సినిమాలో ద్వీపం నుంచి వచ్చిన అనాథ కుర్రవాడు షింకిచి మొదట కనిపించి తర్వాత పక్కకు పోతాడు. కథంతా శాస్త్రవేత్తల చేతుల్లోకి వెళుతుంది. నవలలో షింకిచి ముఖ్యపాత్ర. పండితుల ఇంటి గదుల్లో జరిగే ధర్మసంకటాన్ని, తనవాళ్ళను పోగొట్టుకున్న జాలరి పిల్లవాడి పక్కన నిలబడి చూస్తాం. పడవ మీద బూడిద పడిన జాలరులకు కథలో చోటు ఇలా దొరికింది. అయితే లోపం కూడా చెప్పాలి. ‘టోక్యో గాడ్జిల్లా సంఘం’ పేరుతో జనాన్ని భయపెట్టే ఒక ముఠాను కయామా కల్పించాడు. అపరాధ పరిశోధక కథల అలవాటు ఇది. బాంబు అనే అంత పెద్ద కారణం చేతిలో వుండగా, దొంగ ముఠా వెంట పరుగెత్తించడం వల్ల ముందుమాటలోని నిప్పు మధ్య పేజీల్లో కొంత చల్లారింది.

‘మోత్రా’ సంగతి ఇంకా ఆసక్తికరం. ఇది సినిమాకు ముందు వచ్చిన కథ గనక నవలీకరణ అనకూడదు. అయినా తెరకూ పుటకూ వున్న తేడా ఇందులో బట్టబయలుగా కనిపిస్తుంది. 1961లో నకమురా షినిచిరో, ఫుకునాగా తకెహికో, హొట్టా యోషియే అనే ముగ్గురు పేరున్న రచయితలు తలా ఒక భాగం రాశారు. వీరిలో హొట్టా మన వాళ్ళకు అపరిచితుడు కాదు. 1956 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఆసియా రచయితల మహాసభకు వచ్చి, తిరిగి వెళ్ళాక భారతదేశం మీద పుస్తకం రాసినవాడు. వారి కథలో మహా పట్టుపురుగు తన గూడును జపాను పార్లమెంటు భవనం మీద కట్టుకుంటుంది. 1960 జూన్‌లో అమెరికాతో భద్రతా ఒప్పందం వద్దని విద్యార్థులూ కార్మికులూ చుట్టుముట్టిన భవనమే అది. ఆ జూన్ 15న అక్కడ కంబా మిచికో అనే విద్యార్థిని చనిపోయింది. సినిమాకు వచ్చేసరికి గూడు టోక్యో టవరు మీదికి మారింది. చూడటానికి టవరే బాగుంటుంది, ఎత్తుగా, కొత్తగా. కాని పార్లమెంటు మీద గూడు కడితే పురుగు ఎవరి పని ఆపిందో తెలుస్తుంది. టవరు మీద కడితే వట్టి దృశ్యం.

నా విద్యార్థికి చివరికి చెప్పింది ఈ సంగతే. బోధన్ మీద రాక్షస కథ రాయాలంటే తప్పకుండా రాయి. కాని మృగాన్ని చల్లారిన పొగ గొట్టం మీద కూర్చోబెట్టకు, అది టోక్యో టవరే అవుతుంది. వాటా అమ్మిన కాగితం మీద ఎవరి సంతకం వుందో, అది ఏ బల్ల మీద జరిగిందో తెలుసుకుని, అక్కడ కూర్చోబెట్టు. అతను తలూపాడు గాని, పొగ గొట్టమైతే ఇలస్ట్రేషన్ బాగా వస్తుంది సార్ అన్నాడు. సినిమా కంపెనీ వాదన కూడా అదే మరి!

కయామా రెండు నవలలను జెఫ్రీ యాంగిల్స్ 2023లో ఇంగ్లీషులోకి తెచ్చారు. మన కళాశాలల్లో ఇంగ్లీషు, తెలుగు శాఖలవాళ్ళు కలిసి కూర్చుంటే ఏడాదిలో తెలుగు చేయగల పుస్తకం. బాలల పుస్తకమే గనక మాట తేలికగా వుండాలి, గ్రాంథికం దరికి రానివ్వకూడదు. అచ్చు వేసేవారు పేజీలు కలిసివస్తాయని ఆ ముందుమాటను మాత్రం తీసేయకూడదు.