లెఫ్టినెంట్ కట్టిన దొర సౌధం

రాయదుర్గం పక్కన ఉన్న గుమ్మఘట్ట ప్రాంతం నిజాం ఏలుబడి నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి మారడానికి కారణమైన 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందాన్ని కంపెనీ తరఫున కుదిర్చినవాడు హైదరాబాదు రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధి, జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. రాయలసీమలో చాలా భాగాన్ని దత్త మండలాల్లో, అంటే నిజాం కంపెనీకి వదులుకున్న జిల్లాల్లో, చేర్చిన ఆ అధికారే మరి మూడేళ్లకు మూసీ ఉత్తరపు ఒడ్డున తన హోదాకు తగిన భవనాన్ని మొదలుపెట్టించాడు. నేడు కోఠీ రెసిడెన్సీగా పిలిచే ఆ కట్టడానికి రూపకర్త వాస్తుశిల్పి కాదు, మద్రాసు ఇంజనీర్ల దళంలో లెఫ్టినెంటుగా ఉన్న శామ్యూల్ రస్సెల్. చిత్రకారుడు జాన్ రస్సెల్ కొడుకు కావడం వల్ల అతనికి గీత కొత్త కాదు గాని, ఉద్యోగం మాత్రం సైన్యంలోదే.

సైనికుడు ఇళ్లు కట్టడం ఆనాటికి వింత కాదు. ఇంగ్లండులో జాన్ వాన్‌బ్రూ సైన్యంలో పనిచేసి, ఫ్రాన్సులో ఖైదు అనుభవించి, నాటకాలు రాసి, శిల్పవిద్య ఎక్కడా అభ్యసించకుండానే 1699లో కాసిల్ హోవర్డ్ నిర్మాణాన్ని చేపట్టాడు. కొలతల చిక్కులు విప్పడానికి అతనికి హాక్స్‌మూర్ వంటి అనుభవజ్ఞుడు తోడున్నాడు. భారతదేశంలో కారణం ఇంకా తేలిక: కోటగోడ లెక్కగట్టడం, నేల మట్టం చూడడం, పటం గీయడం వచ్చినవాళ్లు కంపెనీకి తన ఇంజనీర్ల దళాల్లోనే దొరికారు. కలకత్తా గవర్నమెంట్ హౌస్‌ను ఆ కాలంలోనే, డెర్బీషైర్‌లోని కెడిల్‌స్టన్ సౌధం నమూనాగా, కట్టిన చార్లెస్ వ్యాట్ కూడా బెంగాల్ ఇంజనీర్ల అధికారే.

ఇంగ్లండు భూస్వాములు నగరానికి దూరంగా, తమ భూముల నడుమ, తోటలోంచి వచ్చేవారికి దూరం నుంచే కనిపించేలా కట్టుకునే, కెడిల్‌స్టన్ వంటి పెద్ద ఇంటిని అక్కడివారు కంట్రీ హౌస్ అంటారు. దాని వెనక 16వ శతాబ్దపు ఇటలీ శిల్పి పల్లాడియో సూత్రాలున్నాయి: నట్టనడుమ గీత గీస్తే రెండు పక్కలూ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉండాలి, ముందు గుడి ముఖద్వారాన్ని తలపించే స్తంభాల మండపం, దానిపైన త్రికోణపు నుదురు ఉండాలి. ఈ సూత్రాల ప్రకారమే రెసిడెన్సీ ఉత్తరపు ముఖాన ఆరు కోరింథియన్ స్తంభాలు, అంటే తలభాగంలో ఆకులు విచ్చుకున్నట్టు చెక్కిన స్తంభాలు, ఆ త్రికోణంలో కంపెనీ చిహ్నంతో నిలిచి ఉన్నాయి. ఈ జాతి స్తంభానికి నమూనా పుస్తకాలు చెప్పే ఎత్తు దాని మందానికి సుమారు పది రెట్లు. మూల మందం తేలితే గోడ ఎత్తు, కిటికీ వెడల్పు, మెట్ల వరుస అన్నీ దాని లెక్కతోనే తేలుతాయి కనుక, పుస్తకం చేతిలో పెట్టుకున్న శ్రద్ధగల లెఫ్టినెంటుకు ఈ పని అసాధ్యం కాలేదు. సొంత కల్పన కంటే క్రమశిక్షణే ఇక్కడ గొప్ప.

అయితే పుస్తకంలోని రాతి స్తంభం ఇక్కడ ఇటుక మీద పూసిన సున్నపు పూతగా మారింది, ఈ మార్పులోనే అసలు నైపుణ్యం ఉంది. గుండ్రని ఇటుక పేర్పు మీద ఇసుక కలిపిన ముతక సున్నం పూసి, ఆరాక దానికంటే సన్ననిది పూసి, చివర రాతి మీద మెత్తగా నూరిన తెల్ల సున్నానికి గుడ్డు తెల్లసొన, పెరుగు, నెయ్యి వంటివి చేర్చిన పలుచని పొర వేసి, అది తడి ఆరకముందే నున్నని రాయితో గంటల తరబడి రుద్దితే చలువరాయి అనిపించే మెరుపు వస్తుంది. మద్రాసు చునాం అన్న పేరుతో దొరలు తెగ మెచ్చుకున్న పని ఇదే. ఆ చేతుల పేర్లు ఏ లెక్కపుస్తకంలోనూ మనకు మిగల్లేదు, రస్సెల్ పేరు మాత్రం మిగిలింది.

గుమ్మఘట్ట పల్లెల్లో దూలాలు, దంతెలు పరిచి పైన చవుడు మన్ను తొక్కిన మట్టి మిద్దెకూ ఈ సౌధానికీ పోలిక లేదనిపిస్తుంది గాని, ఎండను లోపలికి రానివ్వకపోవడం అన్న చింత రెండింటిదీ ఒకటే. ఎండ కరువైన ఇంగ్లండులో హోదా కోసం పెట్టిన స్తంభాల మండపం హైదరాబాదులో ఉత్తరం వైపు తిరిగి, ఏడాదిలో ఎక్కువ కాలం సూటి ఎండ తగలని లోతైన నీడ అయింది. అక్కడ ఆడంబరం, ఇక్కడ అవసరం.

కిర్క్‌పాట్రిక్ తన భార్య ఖైరున్నీసా జనానా తోటలో ఈ భవనానికే చిన్న నమూనాను కట్టించాడు. పరదా పాటించే ఆమె ముఖద్వారం చూడలేదు గనుక అలా చేయించాడని చెబుతారు. పెద్ద భవనం 1806 ప్రాంతంలో పూర్తయ్యేనాటికి ఆయన లేడు, 1805లోనే కలకత్తాలో చనిపోయాడు. 1857 జులైలో తిరుగుబాటుదారు తుర్రేబాజ్ ఖాన్ దండు దాడి చేసిన ఈ ప్రాంగణానికే 1949లో మహిళా కళాశాల వచ్చింది. 2002లో ప్రపంచ స్మారక చిహ్నాల నిధి దీన్ని ఆపదలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. బాగుచేయడంలో ఒక చిక్కుంది: సున్నపు గోడ మీద సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక ఇటుకను తింటుంది. అందుకే ఇలాంటి గోడలను బాగుచేయాలంటే సున్నం నానబెట్టి నూరే మేస్త్రీలను మళ్లీ వెతకాల్సి వస్తుంది.